వసంతం వచ్చిందని ఉత్తర్వు

చలికాలం ఇంకా పోవడం లేదని సణిగేవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి క్షమాపణ చెప్పించాలి. ఎవరికంటారా? చలికాలానికే!

ఔనండీ, తెలివిలో ఉండే మాట్లాడుతున్నాను. నవంబరుకు ముందే వచ్చిన చుట్టం ఏప్రిల్ సగం దాటినా చెప్పులు వెతుక్కోవడం లేదంటే మన మర్యాద ఎంత బాగుందో ఆలోచించండి. వసంతం అలాంటిదా? వస్తున్నా వస్తున్నానని కబురు పెడుతుంది. వీధి మలుపు దాకా వచ్చి మొహం చూపిస్తుంది. ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. దాన్ని నమ్మి కోటు విప్పినవాడు మర్నాడు ముక్కు చీదుకుంటూ ఆసుపత్రి లైన్లో నిలబడతాడు. చలికాలం ఏనాడైనా ఇలా దగా చేసిందా? రావలసిన రోజుకంటే ముందే వస్తుంది. పొమ్మన్నాక కూడా ఉంటుంది. విశ్వాసమంటే అదీ!

ప్రతి ఏడూ క్యాలెండర్లో కాగితం చింపుతూ "మార్చి వచ్చింది, ఇక అంతా మార్చేస్తుంది" అనుకుంటాం. మార్చి ఏమీ మార్చదు. పొడిమంచును తడిమంచు చేస్తుంది, అంతే. ఏప్రిల్ వచ్చి తడిమంచును మళ్ళీ పొడిమంచు చేస్తుంది. నన్నడిగితే మంచు మంచిదే! మంచు ఉన్నచోట మంచం ఉంటుంది, మంచం ఉన్నచోట మనశ్శాంతి ఉంటుంది. ఇంకేం కావాలి మనిషికి?

లాభాలు చెబుతాను, వినండి. ఈశాన్య చైనాలో సోంగ్‌హువా నది ఒడ్డున మా ఊళ్ళో ఐస్‌క్రీమ్ అమ్మేవాడికి ఫ్రిజ్ అక్కర్లేదు. అట్టపెట్టెలు ఫుట్‌పాత్ మీద పేర్చి, పక్కన కుర్చీ వేసుకుని కునుకు తీస్తాడు. మా బాల్కనీలే మాకు ఫ్రిజ్‌లు. కరెంటు బిల్లు లేదు, రిపేరు లేదు. పక్కింటి పిల్లి వచ్చి మన మాంసం ఎత్తుకుపోదామన్నా కుదరదు, అది నేలకు అతుక్కుపోయి ఉంటుంది!

సెల్‌ఫోన్ సంగతి చూడండి. వీధిలో జేబులోంచి తీయగానే బ్యాటరీ చచ్చిపోతుంది. అవతల బాస్ ఎంత అరిచినా మనకు వినపడదు. కార్మికులకు ఇంత మేలు చేసే చట్టం ఏ ప్రభుత్వం తెచ్చింది?

ఇక పొట్టలు! ఆరునెలల తిండి దూది కోటు కింద గుట్టుగా కాపురం చేస్తుంది. వసంతం వస్తే ఆ పొట్టలన్నీ బయటపడతాయి. పొట్టలే కాదు, కరిగే మంచు కిందనుంచి చలికాలమంతా కుక్కలు చేసిన ఘనకార్యాలు కూడా ఒక్కసారే బయటపడతాయి! ఏప్రిల్లో మళ్ళీ మంచు కురిసి వాటిమీద తెల్లదుప్పటి కప్పిందంటే, ఆకాశం మన ఊరి పరువు కాపాడినట్టు కాదా?

వీధిలో మొగుడూ పెళ్ళాల పోట్లాట కూడా రెండు మాటలతో సరి. మూడో మాటకు పళ్ళు టకటకలాడతాయి, తిట్టు ముక్కలుముక్కలుగా వస్తుంది, ఇద్దరికీ నవ్వొస్తుంది. ఎన్ని కాపురాలు నిలబెట్టిందండీ ఈ చలి!

ఇన్ని లాభాలున్నా మా ఏడో నంబరు బిల్డింగు జనానికి తృప్తి లేదు. ఈ ఏడు వసంతం కోసం వాళ్ళు చేసిన గోల చెబుతాను. తప్పెవరిదో మీరే తేల్చండి.

మా దగ్గర ఇంటి వెచ్చదనం ఇంటివాళ్ళ చేతిలో ఉండదు. ఎక్కడో ఊరి చివర పెద్ద బాయిలర్ ఉంటుంది. అక్కణ్ణుంచి గొట్టాల్లో వేడినీళ్ళు ప్రతి ఇంటి కిటికీ కిందా ఉన్న ఇనుప పలకల్లోకి వస్తాయి. తాళం హీటింగ్ కంపెనీ దగ్గర ఉంటుంది. (పేరెందుకులెండి.) వాళ్ళు శరత్తులో ఒక తేదీన తాళం తీస్తారు, వసంతంలో ఒక తేదీన వేస్తారు. ఆ రెండు తేదీల మధ్య ఉన్నదే చలికాలం. మిగతాదంతా మీ భ్రమ!

ఈ ఏడు ఆ తేదీన పొద్దున్నే ఎండ కాసింది. "ప్రియమైన వినియోగదారులారా, వసంతాగమన శుభాకాంక్షలు" అని అందరి ఫోన్లకూ మెసేజ్ వచ్చింది. గొట్టాలు గుటకలు మింగి ఊరుకున్నాయి. సాయంత్రానికి మంచు మొదలైంది. మర్నాడు ఆగలేదు. ఆ మర్నాడు ఇంకా పెద్ద రేకులు! కంపెనీవారు మామీద శీతకన్ను వేశారని జనం ఏడ్చారు. చలికాలంలో ఎవరైనా అంతకంటే వేరే కన్ను ఎక్కణ్ణుంచి తెచ్చి వేస్తారండీ?

అందరిలోకీ ఎక్కువ కంగారుపడింది ఆరో అంతస్తు మూలింటి లువాన్ షూచిన్. అరవై దాటిన మనిషి. కొడుకు రైల్లో అటెండెంటు, వెళ్తే వారం దాకా రాడు. కోడలు సితోంగ్ పచ్చి బాలింత. నెల నిండని ఆడపిల్ల పక్కలో ఉంది. నెల నిండేదాకా బాలింతకు గాలి తగలకూడదు, చన్నీళ్ళు ముట్టకూడదు, ఉత్తకాళ్ళతో నేల తొక్కకూడదు. ఇది లువాన్ రాజ్యాంగం. దీనికి సవరణలు లేవు.

ఆ రాజ్యాంగం ఆవిడ పుస్తకాల్లో చదివింది కాదు, మోకాళ్ళతో నేర్చుకుంది. కొడుకు పుట్టినప్పుడు ఆవిడ నెలంతా ఒక చలిగదిలో గడిపింది. అప్పుడు మోకాళ్ళలోకి దూరిన చలి ఇంతవరకూ బయటికి రాలేదు. వాతావరణశాఖ కంటే ముందే ఆవిడ మోకాళ్ళు మంచు కబురు చెబుతాయి. తన కోడలు కూడా ముసలితనంలో మెట్టుమెట్టుకూ ఆగి గోడ పట్టుకోవడం ఆవిడ ఊహించలేదు, ఊహించదలచుకోలేదు.

ఇనుప పలక చల్లబడగానే మొదటి దెబ్బ పసిపిల్ల గుడ్డలకు తగిలింది. అంతవరకూ అవి పలకమీద వేస్తే చిటికెలో ఆరేవి. ఇప్పుడు గదిలో వేస్తే ఆరవు, బాల్కనీలో వేస్తే అప్పడాల్లా బిగుసుకుపోతాయి. ఒకటి మడతపెట్టబోతే ఫెళ్ళున విరిగింది!

"అంగట్లో దొరికే డైపర్లు కొనుక్కుందాం అత్తయ్యా" అంది సితోంగ్ దుప్పట్లోంచి.

"నా మనవరాలేమైనా సరుకా, ప్లాస్టిక్ సంచిలో పెట్టి కట్టడానికి? నువ్వు చెయ్యి లోపల పెట్టుకో ముందు!"

బిల్డింగు పెద్ద గ్వాన్ మేస్త్రీ కంపెనీకి ఫోన్ చేశాడు. ఆయన రిటైరయ్యేదాకా ట్రాక్టర్ ఫ్యాక్టరీలో మేస్త్రీ, ఇప్పుడు మా అందరిమీదా మేస్త్రీ. వేడి కోసం వేడుకున్నాడు. వేడుకుని, వేడెక్కి, కేకలేశాడు. కేకలకు గది కాస్త వెచ్చబడిందేమోగానీ కంపెనీ కరగలేదు. చివరికి ఒక సమాధానం వచ్చింది: మనిషిని పంపుతాం. మీరు చూపించిన ఒక ఇంట్లో గది మధ్యన కొలుస్తాం. పద్దెనిమిది డిగ్రీలకు తగ్గితే బిల్డింగు మొత్తానికీ మళ్ళీ వేడి. తగ్గకపోతే వసంతం వచ్చినట్టే లెక్క.

ఋతువుకు రుజువు కావాలన్నమాట!

ఏ ఇల్లు చూపించాలన్నదానిమీద మెట్లదగ్గర పెద్ద రగడ జరిగింది. సొంతిల్లు చలికొంప అనిపించుకోవడానికి అంత పోటీ నేనెక్కడా చూడలేదు.

"మా ఇంట్లో నూనె గడ్డకట్టింది!"

"అదేం గొప్ప? మా ఇంట్లో మా ఆయన గడ్డకట్టాడు. పొద్దుణ్ణుంచీ ఒక్క మాట లేదు."

"మీ ఆయన వేసవిలో కూడా అంతేగా వదినా!"

చివరికి పైఅంతస్తు, వాయవ్యం మూల, రెండు గోడలకు గాలి కొట్టే లువాన్ ఇల్లే ఏకగ్రీవంగా నెగ్గింది. బాలింతనూ పిల్లనూ దుప్పట్లలో చుట్టి ఎదురింటికి చేర్చారు. కిటికీలు తెరిచారు. గది పదమూడుకు దిగింది. గ్వాన్ మేస్త్రీ సేనాపతిలా తిరిగి చూశాడు.

"విను చెల్లెమ్మా. స్టవ్ వెలిగించకూడదు. కెటిల్ పెట్టకూడదు. జనం పోగవకూడదు. అన్నిటికంటే ముఖ్యం, వచ్చినాయనకి ఏమీ పెట్టకూడదు. నీ చేతులు కట్టేసుకో!"

"నేనేమైనా పసిదాన్నా అన్నయ్యా? ఆ మాత్రం తెలీదా?"

"నీ సంగతి తెలిసే చెబుతున్నా. గ్యాస్ మీటరు చూడ్డానికొచ్చినోడికి కిందటేడు రెండు పూటలు భోజనం పెట్టావు."

"వాడు సన్నగా ఉన్నాడు!"

కొలిచే మనిషి వచ్చాడు. పేరు మౌ. యాభై ఏళ్ళవాడు. లిఫ్టు లేని ఆరంతస్తులు ఎక్కి, రొప్పుతూ, తడిసిన బూట్లు గుమ్మం బయటే విడిచాడు. మూడు కాళ్ళ స్టాండు గది మధ్యన నిలబెట్టి దానిమీద మెషీను పెట్టాడు. అది కుదురుకునేదాకా కాసేపు ఆగాలట. ఆగి, తనే లెక్క తేల్చి, తనే నేరుగా కంపెనీకి కబురు పంపేస్తుందట. మధ్యలో మనిషి వేలు పెట్టడానికి లేదు. మౌగారు స్టూలు మీద మౌనంగా కూర్చున్నాడు. చేతులు వంకాయ రంగులో ఉన్నాయి. తెరిచిన కిటికీ గాలి సరిగ్గా ఆయన వీపుమీద పడుతోంది.

లువాన్ వంటింటి గుమ్మంలో ఏప్రన్ కింద చేతులు కట్టుకుని నిలబడింది. కళ్ళు మూసుకుంది. తెరిచింది. మౌ వంకాయరంగు చేతులే కనిపించాయి.

"కాసిని నీళ్ళు తాగుతావా తమ్ముడూ?"

గ్వాన్ మేస్త్రీ దగ్గాడు. "చన్నీళ్ళు!" అన్నాడు.

ఈ దేశంలో అతిథికి చన్నీళ్ళివ్వడమంటే గుమ్మం చూపించడం కంటే తక్కువ మర్యాద. లువాన్ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఆ మాట నీ నోటికెలా వచ్చింది అన్నయ్యా? నువ్వు మనిషివేనా?"

కెటిల్ ఎక్కింది. అల్లం, బెల్లం పడ్డాయి. కప్పు రెండు చేతులతో పట్టుకుని మౌ మొదటి గుటక వేసేసరికి మెషీను పద్నాలుగు దాటింది. వీపుకు గాలి కొడుతోంది పాపం అని ఆవిడ కిటికీ మూసింది. అప్పుడు మౌ కడుపు కుక్కపిల్లలా కుయ్యిమంది. ఆయన సిగ్గుపడి, పొద్దున ఒక్క ఆవిరి రొట్టె తిని బయల్దేరానన్నాడు.

"వద్దు చెల్లెమ్మా" అన్నాడు గ్వాన్, ఏడుపు గొంతుతో.

"పదే పది కుడుములు. బాల్కనీలో గడ్డకట్టి ఉన్నాయి. పదింటికేం వేడి పుడుతుంది?"

పది కుడుములు ఉడకాలన్నా గిన్నెడు నీళ్ళు మరగాల్సిందే కదండీ! మరిగే నీళ్ళను చూసి ఆవిడకు పది మరీ పిసినారితనంగా అనిపించింది. మొత్తం పళ్ళెం ఒంపేసింది. పుల్లబెట్టిన క్యాబేజీ, పందిమాంసం కలిపి చేసిన ఆ కుడుముల వాసన తలుపు సందులోంచి మెట్లమీదుగా కింది అంతస్తు దాకా దిగింది. వాసన దిగింది, జనం ఎక్కారు!

"ఎంతొచ్చింది? ఎంతొచ్చింది?" అంటూ ఒకావిడ వెల్లుల్లిపాయతో వచ్చింది. ఇంకొకాయన వెనిగర్ సీసాతో వచ్చాడు. నాలుగో అంతస్తు దంపతులు, గడ్డకట్టిన మొగుడితో సహా, బల్లమీదే కూర ఉడికించే కరెంటు హాట్‌పాట్ మోసుకొచ్చారు. ఎవరో జొన్నసారా తెచ్చారు. గ్వాన్ మేస్త్రీ తలుపుకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. చేతుల కిందనుంచి దూరారు. సీసా మూత తీసిన చప్పుడుకు ఆయన చేతులు వాటంతటవే దిగిపోయాయి.

"తమ్ముడూ, మీదే ఊరు?"

"నది దిగువనండీ, రెల్లుపొదల ఊరు."

"అయ్యో, మా పిన్నిని ఇచ్చింది ఆ ఊరేగా! అయితే నువ్వు మావాడివే. ఇంకో పది వెయ్యండర్రా!"

ఇరవైమంది శ్వాస, నవ్వు, ఆవిరి. కిటికీ అద్దాలమీద చెమట కారుతోంది. ఎవరో కోటు విప్పారు. ఇంకెవరో "అబ్బ, ఎంత వెచ్చగా ఉందర్రా!" అన్నారు. సరిగ్గా అప్పుడే మెషీను కీచుమంది.

పద్దెనిమిది పాయింట్ ఆరు!

ఇరవై నోళ్ళ ముందు ఇరవై కుడుములు ఆగిపోయాయి.

మౌ మొహం పాలిపోయింది. "అక్కయ్యా, నేనేం చెయ్యను? అది పంపేసింది. నా చేతిలో లేదు. వసంతం వచ్చేసింది."

"చెల్లెమ్మా" అన్నాడు గ్వాన్, "శత్రుదేశం మనమీదికి దండెత్తి వచ్చినా నువ్విలాగే కూర్చోబెట్టి వడ్డిస్తావా?"

"ఆకలితో ఉంటే వడ్డిస్తాను" అంది లువాన్. మౌ వెళ్తుంటే సంచిలో నాలుగు కుడుములు పెట్టి ఇచ్చింది కూడా. తలుపు వేశాక మాత్రం స్టూలు మీద కూలబడింది.

జనం వెళ్ళిపోయారు, వాళ్ళతోపాటే వసంతమూ వెళ్ళిపోయింది. బాలింతా పిల్లా ఎదురింటినుంచి తిరిగొచ్చారు. గది మళ్ళీ పదమూడుకు వచ్చింది. ఆ సాయంత్రం లువాన్ పిల్ల తడిగుడ్డలు ఒక్కొక్కటే దూది కోటు లోపల, తన పొట్టమీద పరుచుకుని ఆరబెట్టింది. ఒకటి ఆరాక ఇంకొకటి.

"అత్తయ్యా! మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి, మీరేం చేస్తున్నారు!"

"నా మోకాళ్ళు పాతవేలే. కొత్తవి నీవి. కాళ్ళు లోపలికి ముడుచుకో."

పాఠకులు గమనించాలి: అత్తాకోడళ్ళు ఇంత ప్రేమగా మాట్లాడుకోవడం చలికాలం వల్ల కాదూ?

మర్నాడు ఆవిడ హీటింగ్ కంపెనీ ఆఫీసుకు వెళ్ళింది. తలుపు తోయగానే కళ్ళజోడు మసకబారింది. తుడుచుకుని చూసింది. కౌంటర్ల వెనక అమ్మాయిలు అట్టముక్కలతో విసురుకుంటున్నారు. కిటికీలో పూలకుండీ విరగబూసి ఉంది. మేనేజరు తాన్ పొట్టిచేతుల చొక్కాలో, ఐసుముక్కలేసిన టీ తాగుతున్నాడు. ఆయనకు తన గదే ఊరు, తన ఒళ్ళే థర్మామీటరు.

"చూడండమ్మా" అన్నాడు తాన్, "బయట మంచు పడొచ్చు. అది వాతావరణశాఖవారి వ్యవహారం. మా రికార్డు ప్రకారం మీ ఇంట్లో పద్దెనిమిది పాయింట్ ఆరు. వసంతం వచ్చింది."

"మీ ఇంట్లో ఎండాకాలం కూడా వచ్చినట్టుందే నాయనా?"

తాన్ ఐసు టీని ఫైళ్ళ వెనక్కి జరిపాడు. "ఇది... పరికరాల పరీక్ష. పనిచేస్తున్నాయో లేదో చూస్తున్నాం."

లువాన్ గోడవారన ఉన్న ఇనుప పలకమీద, జ్వరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు అరచెయ్యి ఆనించింది. అరవై ఏళ్ళ మర్యాద ఆవిడ మొహంలోంచి మెల్లగా దిగిపోయింది. ఇంటికెళ్ళి బుట్టతో తిరిగొచ్చింది. హాల్లో ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఉన్న పలకలమీద పసిపిల్ల గుడ్డలు వరసగా ఆరేసింది.

"ఏంటమ్మా ఇది!" అని అరిచాడు తాన్.

"పరికరాల పరీక్ష నాయనా. నేనూ ఒక చెయ్యి వేద్దామని. ఇదిగో, ఈ మూలది బాగా పనిచేస్తోంది!"

తాన్ ఆవిణ్ణి బయటికి పంపుదామని చూశాడు. గోడమీద ఎర్రక్షరాలతో పెద్ద బోర్డు ఉంది: వినియోగదారులు మా ఇంటిమనుషులు. లువాన్ దాన్ని వేలితో చూపించింది. "ఇంటిమనిషి ఇంట్లో గుడ్డలు ఆరేసుకోదా? చెప్పు."

కబురు బిల్డింగుకు చేరడానికి ఎంతసేపు పడుతుంది? మధ్యాహ్నానికి గ్వాన్ మేస్త్రీ పిండిగిన్నె చంకన పెట్టుకుని వచ్చాడు. ఆవిరి రొట్టెల పిండి పొంగాలంటే వేడి పలక పక్కన పెట్టాల్సిందే, అది మా ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఆయన వెనక ఇంకో తొమ్మిది గిన్నెలు. వాటి వెనక తడి లాగులు, మేజోళ్ళు, పరుపు గలీబులు. ముసలాళ్ళు చదరంగం పలకలు తెచ్చారు. ఆడవాళ్ళు ఉల్లికాడలు తెచ్చి తరగడం మొదలెట్టారు. బిల్లు కట్టడానికొచ్చిన ఒకాయన ఇది కొత్త బజారనుకుని గలీబు ధర అడిగాడు! హాలంతా పులిసిన పిండి వాసన. మేనేజరు టేబులు మీద ఫైళ్ళ పక్కనే ఒక గిన్నె పొంగి, మూతను పైకి ఎత్తి, ఆయన్ని తొంగి చూసింది.

రెండో రోజూ ఇదే తంతు. మూడో రోజు తాన్ బుర్రలో మెరుపు మెరిసింది. ఆయన్ని నేను నిజంగా మెచ్చుకుంటున్నాను. బిల్డింగుకు వేడి ఇవ్వాలన్న చవకబారు ఆలోచన ఆయనకు రాలేదు. ఆఫీసులోనే వేడి కట్టేయించాడు!

"సమానత్వం" అన్నాడు చేతులు దులుపుకుంటూ. "ఇప్పుడు వెళ్తారు."

వెళ్ళలేదు. వెళ్ళకపోగా, మా జనం ఎవరి కోటు వాళ్ళు తొడుక్కున్నారు, ఎవరి టోపీ వాళ్ళు దిగలాక్కున్నారు, ఎవరి ఎత్తు వాళ్ళు వేసుకున్నారు. లోపల రెండేసి లాగులు, పైన దూది కోటు, కాళ్ళకు గొర్రెబొచ్చు బూట్లు. ఈ చలికి ఇంట్లో అలవాటైనవాళ్ళే కదా! అలవాటు లేనిది ఆఫీసువాళ్ళకి. తాన్ వెచ్చటి ఇంట్లోంచి వెచ్చటి కార్లోకి, వెచ్చటి కార్లోంచి వెచ్చటి ఆఫీసులోకి నడిచే మనిషి. ఆయనకు ఈ ఏడు కోటు కొనాల్సిన అవసరమే రాలేదట. కౌంటర్ల వెనక అమ్మాయిలు విసురుకోవడం ఆపి అట్టముక్కలు వీపుల్లో దూర్చుకున్నారు. పూలకుండీ తల వేలాడేసింది. తాన్ ముందు చొక్కా కాలరు ఎత్తుకున్నాడు, తర్వాత ఫైళ్ళు ఒళ్ళో పేర్చుకున్నాడు, ఆ తర్వాత గోడమీది జెండా వైపు ఆశగా చూశాడు.

లువాన్ ఆయన్ని చాలాసేపు చూసింది. పళ్ళు బిగించి చూసింది. కానీ పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది? ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు ఒంపి తీసుకెళ్ళింది.

తాన్ ఆ మూత రెండు చేతులతో పట్టుకున్నాడు. వేళ్ళు వణికి సగం చొక్కామీద పడ్డాయి. "అమ్మా" అన్నాడు, "ఏంటమ్మా ఈ చలి! ఎలా ఉంటున్నారు మీరు?"

"చలేంటి నాయనా?" అంది లువాన్. "వసంతం కదా!"

ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. "శాస్త్రీయ అధ్యయనం అనంతరం, అకాల శీతల పరిస్థితుల దృష్ట్యా, ప్రజల క్షేమాన్ని కోరి" ఊరంతటికీ మళ్ళీ వేడి. మే నెల దాకా! అధ్యయనం ఎవరి వీపుమీద జరిగిందో ఉత్తర్వులో లేదు. గొట్టాలు గుడగుడలాడాయి. సితోంగ్ పక్కలోంచి ఆ చప్పుడు విని నవ్వింది. లువాన్ గుడ్డలన్నీ పలకమీద వేసి, పలక పక్కనే కూర్చుని, మోకాళ్ళు దానికి ఆనించి, అలాగే నిద్రపోయింది.

కథ ఇక్కడ ముగిస్తే చలికాలానికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఎందుకంటే వేడి వచ్చిన రెండో రోజున నిజం వసంతం వచ్చింది! ఏ కబురూ లేకుండా, ఏ ఉత్తర్వూ అడక్కుండా. మంచంతా ఒక్క మధ్యాహ్నంలో కాలవైపోయింది. నది ఫెళఫెళమని పగిలింది. ఐస్‌క్రీమ్‌వాడు అట్టపెట్టెలు పట్టుకుని పరుగెత్తాడు. చలికాలానికి పౌరుషం ఉందండీ, ఎండ మొహం చూడగానే మర్యాదగా లేచి వెళ్ళిపోయింది. కుర్చీ వదలనిది ఎవరో మీకే తెలుస్తుంది.

బయట ఎండ, లోపల పలకలు భగభగ. మా బిల్డింగులో కిటికీలన్నీ బార్లా తెరిచారు. గ్వాన్ మేస్త్రీ బనీనుతో, చెమటలు కక్కుతూ లువాన్ ఇంటికొచ్చాడు. పసిపిల్లకు నెల నిండింది. ఒంటిమీద నూలుపోగు లేకుండా కాళ్ళు కొట్టుకుంటోంది. సితోంగ్ ఉత్తకాళ్ళతో నేలమీద చకచకా తిరుగుతోంది. లువాన్ ఆ పాదాలనే చూస్తూ కూర్చుంది. మేజోళ్ళేవని అడగలేదు.

గ్వాన్ కంపెనీకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. "బాబూ, ఉడికిపోతున్నాం. కట్టేయండి. వసంతం వచ్చేసింది."

అవతల అమ్మాయి కాగితాలు తిప్పిన చప్పుడు వినపడింది. "లేదండీ. ఉత్తర్వు ప్రకారం మే నెల దాకా మీకు చలికాలమే. దయచేసి వెచ్చగా ఉండండి."

గ్వాన్ తిట్టడానికి నోరు తెరిచాడు. లువాన్ చటుక్కున ఫోన్ లాక్కుంది.

"అలాగే తల్లీ, ఏం తొందర లేదు! మీ చలికాలం భలే వెచ్చగా ఉంది. దీన్నే ఉంచండి. ఈసారి నవంబర్లో కూడా ఇదే పంపించండమ్మా!"